పిచ్చుక వెనక సీటు

నమోదు 1

గాలి నెమ్మది. ఆక్సిజన్ ఖర్చు మామూలు. ఇంజను బాగుంది. పైలట్ బాగాలేడు.

ఈ చిట్టాలో అడుగున ‘మిగతా సంగతులు’ అని ఓ గడి ఉంటుంది. ఇన్నాళ్ళూ అందులో ‘లేవు’ అని రాసి ఊరుకునేవాణ్ణి. ఇవాళ సింహాద్రప్ప కోప్పడ్డాడు. ఆయన మాకు ఎగరడం నేర్పిన గురువు. ఇప్పుడు చూపు ఆనక షెడ్డులో స్టూలు మీద కూర్చుని అందరినీ తిడుతూ కాలక్షేపం చేస్తున్నాడు.

“నీ ఒంట్లో ఎక్కడ నొక్కుతందో, ఏటి తగుల్తందో అన్నీ రాయరా దానియ్యా. నీ తరవాత ఎగిరీవోడికి అదే పాఠం,” అన్నాడు.

నా తరవాత ఎగిరేవాడు ఎవడున్నాడో మాత్రం చెప్పలేదు. సరే, రాస్తున్నాను.

పిచ్చుక అంటే మా చిన్న జెట్టు. అలాంటివి రెండున్నాయి, ఒకటి నాది, ఒకటి ఎల్లాజీది. ముందు ఒక సీటు, వెనక ఒక సీటు, పైన గాజు మూత. భూమి నుంచి ముక్కలుగా వచ్చాయి, అక్కడి మనుషుల కొలతకి చేసినవి. సింహాద్రప్ప భూమ్మీద పుట్టినవాడు కాబట్టి అందులో దిండు వేసుకుని కూర్చునేవాడట, లేకపోతే ముందున్నది కనబడేది కాదట. నేను ఇక్కడే, టైటాన్ మీదే పుట్టాను. ఈ నేలకి మనిషిని కిందికి లాగే బలం లేదు, అంచేత మేమంతా పైకి పోయాం. నేను ఏడడుగుల ఎత్తు దాటి చాలా కాలమైంది. నన్ను తాడిచెట్టు అంటారు. ఇక్కడ తాడిచెట్టును చూసినవాడు సింహాద్రప్ప ఒక్కడే, కాబట్టి ఆయన మాట నమ్మాలి.

ఎక్కే పద్ధతి ఇది. ముందు కుడికాలు, తరవాత నడుము, తరవాత ఎడమకాలు మోకాలు గెడ్డానికి ఆనించుకుని. పాదాలు రెండూ ముందున్న సొరంగంలోకి తోసి పెడల్స్ మీద పెట్టాలి. మోకాళ్ళు మీటర్ల పలకకి గట్టిగా ఒరుసుకుంటాయి. మూత వేస్తే తల పట్టదు కాబట్టి ఎడమ చెవి భుజానికి ఆనించి కూర్చుంటాను. ఇరవై ఏళ్ళుగా లోకాన్ని పక్కకి వాలిన తలతోనే చూస్తున్నాను.

ఇంకో సంగతి, ఇది ముఖ్యం. ఎడమ తొడ పక్కన వేగం పిడి తాలూకు పెట్టె ఉంది. ఆ కాలు పక్కకి జరగదు. జెట్టుని అటూ ఇటూ వాల్చే చేతిలోని కర్రని కుడివైపు ఎంతైనా వంచగలను, ఎడమకి సగం వంగేసరికి నా తొడే అడ్డం వస్తుంది. అందుకని మా పొడుగు పైలట్లం ఎడమ గాలికి దిగం. చుట్టు తిరిగి, గాలిని కుడివైపు పెట్టుకుని అవతలి కొసన దిగుతాం. ఒక్క ఎగువ బావిలో ఆ వీలు లేదు. అక్కడ రన్‌వేకి ఒక కొసన మంచు కొండ.

మా గొడవంతా ఇప్పుడు ఎగువ బావితోనే. అక్కడ తొమ్మిదిమంది బోరు పనివాళ్ళు మంచు కిందినుంచి నీళ్ళు తోడుతారు. వాళ్ళని బతికించే పొయ్యి చల్లారిపోతోంది. నిప్పు పొయ్యి కాదు, సీసం పెట్టెలో తనంతట తనే కాగే లోహం. అది ముసలిదైపోయింది, కొత్తది లేదు. నేలదారి మీథేన్ వరదలో మునిగింది. పెద్ద విమానం పోయిన వానల్లోనే సరస్సు పాలైంది. ఇక ఒక్కొక్కరిని పిచ్చుక వెనక సీటులో మా ఊరు కొత్తరేవుకి తెచ్చుకోవాలి. ఒకసారి వెళ్ళొచ్చాక మళ్ళీ ట్యాంకుకి సరిపడా ఆక్సిజన్ మంచులోంచి తీయాలంటే బాగా ఆలస్యమవుతుంది. ఇంధనం గాలిలోనే ఉంది, దాన్ని మండించే ఊపిరే మేము మోసుకుపోవాలి.

ఆ తొమ్మిదిమందిలో ముత్యాలు ఉంది. నా భార్య.

నమోదు 2

గాలి కుడివైపు నుంచి. బంగారిని తెచ్చాను. బావి దగ్గర వంట ఆమెదే. వెనక సీటులో హాయిగా పట్టింది, దారి పొడవునా ఏడ్చింది.

ఎవర్ని ముందు తేవాలన్నది ఊరంతా కలిసే కూటం ఇంట్లో గోడ దగ్గర తేలింది. ఆ గోడ సంగతి రాయాలి. మా పెద్దలు టైటాన్ మీద దిగిన రోజుకి గుర్తుగా ఏటా చేసే దిగిన పండగనాడు ఊళ్ళో ప్రతివాళ్ళూ మడమలు గోడకి ఆనించి నిలబడతారు, నడినెత్తి దగ్గర మేకుతో గీత గీస్తారు. అందరికంటే పైగీత ఎవరిదైతే వాళ్ళకి చక్కెర ముద్ద. ఎత్తు పెరిగితే ఈ నేల మనల్ని ఒప్పుకున్నట్టే అని మా నమ్మకం. పదేళ్ళుగా చక్కెర ముద్ద ముత్యాలే తింటోంది. మా పెళ్ళిలో స్నేహితులు నా కాళ్ళ దగ్గర నిచ్చెన తెచ్చి పెట్టారు, తాళి కట్టడానికి. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ ముత్యాలే నవ్వింది.

ఊరి పెద్ద వరహాలమ్మ ఆ గోడ మీద తొమ్మిది గీతల్నీ వేలితో చూపించింది.

“పొట్టోలు ముందు. సీట్లో పట్టేస్తారని తెలిసినోల్ని ముందల తెచ్చీసుకుందుం. పొడుగోలకి ఆనక ఏదో దారి సూడొచ్చు. ఎవులికైనా అబ్బెంతరం ఉందేటి?”

ఎవరికీ లేదు. నాకూ లేదు. పట్టని మనిషి కోసం వెళ్ళి ఖాళీ సీటుతో తిరిగొస్తే ఒక ట్యాంకు ఊపిరి దండగ. మాటలో న్యాయం ఉంది. ఆఖరి గీత మా ఆవిడది అన్నది నా బాధ, ఊరి బాధ కాదు.

బావి దగ్గరికి వెళ్ళేసరికి అందరూ పొయ్యి గదిలోనే ఉన్నారు. మిగతా గదులకి తలుపులు మూసేశారు. ముత్యాలు పొయ్యి మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కొత్తరేవులో అలా ఎవరూ కూర్చోరు. మా నేల కింద మంచు, కూర్చుంటే చలి పట్టేస్తుంది, అంచేత మాకు పుట్టినప్పట్నుంచీ స్టూళ్ళే. బావివాళ్ళకి మాత్రం ఆ మూత వెచ్చదనం అలవాటు.

“ఏటే, మహారాణీ! గద్దెక్కినావు?” అన్నాను.

“రా మావా, సోటుంది,” అని జరిగింది. “అంత తాడిసెట్టువి గదా, మడత పడగలవేటి?”

నాకు మోకాళ్ళు వంగలేదు. పక్కన నిలబడ్డాను. ఆ పొడుగు కాళ్ళని అంత చిన్నగా ఎలా ముడుచుకుందో అని నవ్వుకున్నాను కూడా. చూశాను, నవ్వాను, అంతటితో సరి.

తరవాత గోడ సంగతి చెప్పాను.

“తెలుసు, రేడియోలో సెప్పినారు. నాను కడకే వస్తాన్లే. బోరు కట్టీవోలు ఉండాల గదా ఒకలు,” అంది. గొంతులో ఏ తేడా లేదు. ఆమె ఎప్పుడూ అంతే, భయం వేస్తే పని సంగతి మాట్లాడుతుంది.

నమోదు 4

మా ఇద్దరి చిట్టాలకీ వరస అంకెలు ఒకటే. మూడో నమోదు ఎల్లాజీది, అతని చిట్టాలో ఉండాలి. అతను రాసే స్థితిలో లేడు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఎల్లాజీ నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. బావి నుంచి నాలుగో మనిషిని తెస్తూ కొత్తరేవులోనే, మన ఇంటి గడపలోనే, దిగే క్షణంలో గాలి ఎడమకి తిరిగింది. కర్రని ఎడమకి లాగాడు, తొడకి కొట్టుకుని ఆగిపోయింది. రెక్క నేలకి తగిలింది. వెనక కూర్చున్న మనిషికి ఒక్క గీత కూడా పడలేదు. ఎల్లాజీ మోకాళ్ళు రెండూ మీటర్ల పలకలోకి దిగిపోయాయి.

మంచం మీద పడుకుని నన్ను చూసి అన్నాడు. “గాలి తప్పని రాయకురా. నా తొడ తప్పు. ఎవుడు ఎదగమన్నాడురా మనల్ని?”

 దుప్పటి సర్ది వచ్చేశాను. ఇక మిగిలింది ఒక పిచ్చుక, ఒక పైలట్. బావిలో ఇంకా ఐదుగురు.

ఎల్లాజీకి జరిగింది నాకు జరక్కూడదని సింహాద్రప్ప, నేను కలిసి నా సీటు కిందున్న పెట్టె ఊడదీశాం. సీటు అరచెయ్యి మందం కిందికి దిగింది. ఆ పెట్టెలో ఉండేది ఆపద వేళకి దాచిన ఆక్సిజన్. ఇక దారిలో ఏదైనా అయితే ఊపిరి పీల్చడానికి నాకు వేరే గతి లేదు. కర్రకి తొడ అడ్డం పోలేదు గానీ మెడ కొంచెం నిటారుగా నిలిచింది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి.

వెనక సీటు పెట్టె కూడా తీసేశాం. వెనక సీటు ముందు కూడా నాకున్నట్టే కాళ్ళ సొరంగం, పెడల్స్ ఉంటాయి, ఎందుకంటే ఇది పైలట్లకి పాఠం చెప్పడానికి చేసిన జెట్టు. ఇందులోనే సింహాద్రప్ప నా వెనక కూర్చుని మొదటిరోజు పెడల్ మీంచి కాలు తీసినందుకు నెత్తి మీద మొట్టాడు. “కాళ్ళు సొరంగంలో ఉండాల! ఆకాశంలో నీకు నేలంటే అదే,” అన్నాడు. ఆ మొట్టికాయ ఇప్పటికీ గుర్తే.

నమోదు 7

ఎల్లాజీ పడ్డాక నేను ముగ్గుర్ని తెచ్చాను. ఇవాళ సన్యాసిని తెచ్చాను. గోడ మీద అతని గీత పై నుంచి రెండోది. ముత్యాలు గీత దాని మీద జానెడు ఎత్తులో ఉంది.

సన్యాసిని కూర్చోబెట్టడం పెద్ద యజ్ఞమే అయింది. పాదాలు సొరంగంలోకి తోసి, మోకాళ్ళు నా సీటు వీపుకి ఆనించి, మూతని బయటినుంచి నేను నొక్కి, లోపలినుంచి అతను లాగాల్సి వచ్చింది. మోకాలికీ నా సీటుకీ మధ్య వేలు దూరే సందు కూడా లేదు. మూత తెరిచి ఉంచిన ప్రతి క్షణం లోపలి వేడి బయటకి పోతోంది, పరికరాలు గడ్డకడుతున్నాయి. గాలి కుడినుంచి ఎడమకి తిరిగేలా ఉంది. నాకు కంగారు.

అప్పుడు వెచ్చని సూటు వేసుకుని సాగనంపడానికి వచ్చిన ముత్యాలు రెక్క పట్టుకుని నిలబడింది.

“ఒక్కపాలి నన్నూ కూకుని సూడనీ మావా. సన్నాసి దిగుతాడు, నానెక్కి సూసి దిగిపోతాను.”

“గీత తెలుసు గదే. సన్నాసికే లేదు సందు. జానెడు ఎక్కడ్నుంచి తెస్తావు?”

“సూత్తే పోయిందేటి?”

“లోపలి ఏడి బైటికి పోద్ది. గాలి తిరిగిపోతంది. పక్కకి జరుగు, తల్లీ.”

జరిగింది. సూటు అద్దంలోంచి మొహం సరిగా కనబడలేదు. చెయ్యి ఊపింది. ఒక్క మనిషి ఉన్న ఎగువ బావిని నేను అప్పుడే మొదటిసారి చూశాను. రన్‌వే దీపాల మధ్య పొడుగ్గా ఆమె, వెనక మంచు కొండ.

దారిలో సన్యాసి ఒక్క మాటే అన్నాడు. “పొయ్యి మూత మీద సెయ్యెడితే ఇంకా ఎచ్చగానే ఉందన్నా. కొంచెం.”

నమోదు 8

ఎగరలేదు. షెడ్డులోనే పని.

కూటం ఇంటికి వెళ్ళి ముత్యాలు గీత నుంచి నేల దాకా దారం వదిలి తుంచుకున్నాను. సన్యాసి గీతకీ అంతే. రెండు దారాలూ పక్కపక్కన పెట్టాం. తేడా జానెడే, లెక్కలో ఏ తప్పూ లేదు. ఆ జానెడు చోటు వెనక సీటులో పుట్టించాలి.

రెక్క కింద కట్టి తేవచ్చు కదా అని వరహాలమ్మ అడిగింది. నిలబడి ఉన్నప్పుడు సూటు చలిని ఆపుతుంది గానీ జెట్టు వేగంలో ఆ గాలికి ఎంతోసేపు ఆగదు. వెనకటికి ఒకణ్ణి అలా తెచ్చారు. వాడు చేరాడు, వాడి ప్రాణం చేరలేదు. 

అంచేత ఇనుము కొయ్యడం మొదలుపెట్టాం. వెనక పెడల్స్ కోశాం. సొరంగం గోడ కోశాం. నా సీటు వీపు చెక్క తీసేసి పట్టీలు కట్టాం. ఒక రంపం విరిగింది, రెండోది మొద్దుబారింది. ఈ లోహం కోసినప్పుడల్లా కీచుమంటుంటే ఎవరో ఏడుస్తున్నట్టే ఉంది. సింహాద్రప్ప కళ్ళు కనబడకపోయినా వేళ్ళతో తడిమి ఎక్కడ కొయ్యాలో చూపిస్తున్నాడు. భూమి నుంచి వచ్చిన ఆయన ప్రాణం లాంటి జెట్టు అది.

“కొయ్యరా, కొయ్యి. మనిసి కంటే ఎక్కువేటి ఇది,” అంటూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ట్యాంకు నిండిపోయింది. మా కోత అవలేదు. ట్యాంకు నిండి కూడా ఎగరకుండా ఉండడం ఇదే మొదటిసారి.

రేడియోలో ముత్యాలుతో మాట్లాడాను. పొయ్యి గదిలో కూడా నీళ్ళు గడ్డకట్టాయట. సూటు వేసుకునే పడుకుంటోందట.

“ఏటి సేస్తన్నారక్కడ?” అంది.

“నీకు జానెడు సోటు సేస్తన్నాం.”

“అబ్బో, నాకోసం జెట్టునే కోసీస్తన్నారా? దిగిన పండక్కి ఈపాలి సక్కెర ముద్ద నువ్వే తినీయి మావా. నాను పొట్టిగా అయిపోతాను, సలికి ముడుసుకుపోయి.”

నవ్వింది. నేనూ నవ్వాను. రేడియో కట్టేసి మళ్ళీ రంపం పట్టుకున్నాను.

నమోదు 9

గాలి ఎడమ.

బావి మీదికి వెళ్ళాను. దీపాలు వెలుగుతున్నాయి. ఒకసారి దిగబోయాను. కర్ర తొడకి కొట్టుకుంది, రెక్క వాలింది, ఎల్లాజీ మోకాళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. పైకి లేపేశాను. రెండోసారీ అంతే. అవతలి కొసన కొండ. మూడోసారికి ఊపిరి చాలదు, తిరిగి వెళ్ళడానికే సరిపోతుంది. తిరిగొచ్చాను.

నా తొడని నరికి పారెయ్యాలనిపించింది. నిజంగానే రాస్తున్నాను ఈ మాట.

కొత్తరేవులో దిగాక రేడియో తీశాను. ముత్యాలే ముందు మాట్లాడింది.

“నీ ఇంజను సప్పుడు ఇనబడ్డాది మావా. బయటికొచ్చి నిలబడ్డాను. రెండుపాలు కిందకొచ్చినావు గదా?”

“గాలి ఎడమే. కర్ర తిరగట్లేదు.”

“తెలుసులే. సప్పుడు ఎల్లిపోతంటే... సరేలే. మల్లీ ఎప్పుడొస్తావు?”

ట్యాంకు నిండగానే అన్నాను. అది ఎప్పుడు నిండుతుందో ఇద్దరికీ తెలుసు. ఆమె పొయ్యి ఎప్పటి దాకా ఉంటుందో కూడా ఇద్దరికీ తెలుసు. ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడ్డానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది. ఆమె బోరు గొట్టం సంగతి మాట్లాడింది. బోరు గొట్టంలో నీళ్ళు లేకుండా చూసిందట, పగిలిపోకుండా. మళ్ళీ ఎవరైనా వచ్చి మొదలుపెట్టుకోవచ్చట.

అప్పుడు తెలిసింది ఆమెకి భయం వేస్తోందని.

నమోదు 10

ట్యాంకు నిండుతోంది. ఊళ్ళో అందరూ తమ ఇళ్ళ ఊపిరిలో కొంత కొంత తగ్గించుకుని ఇచ్చారు. బంగారి తన గది మూసేసుకుని పక్కింట్లో పడుకుంటోంది. ఎల్లాజీ మంచం మీద నుంచే అడుగుతున్నాడు, గాలెటు అని.

ముత్యాలు పలుకుతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

నమోదు 11

గాలి ఎడమ. అయినా బయల్దేరాను.

రేడియో బయల్దేరే ముందు నుంచే పలకలేదు. పొయ్యి చల్లారితే రేడియో పెట్టె ముందు పోతుంది, మనిషి కాదు, అని సన్యాసి అన్నాడు. వాడు నా ధైర్యం కోసం అన్నాడో, నిజమే అన్నాడో అడగలేదు.

బావి మీదికి వెళ్ళేసరికి రన్‌వే దీపాలు లేవు. నా జెట్టు ముందు దీపం వెలుగులోనే నేల చూసుకోవాలి. మొదటిసారి దిగబోయాను. కర్ర తొడకి తగిలి ఆగింది. పైకి లేపాను. ఇక దిగితే దిగినట్టు, లేదంటే అక్కడే పడిపోవాలి. ఖాళీ సీటుతో ఈసారి తిరిగి వెళ్ళను అని నిర్ణయించుకున్నాను. అలా అనుకోగానే మనసు తేలికైంది. ఆ తేలికలో చెయ్యకూడని పని చేశాను. ఎడమకాలు పెడల్ మీంచి తీసేశాను.

సొరంగంలోంచి లాగాను. మోకాలు పలకకి గీరుకుని రక్తం వచ్చింది. పాదాన్ని కుడి తొడ కిందికి తోసి, మడిచి, దాని మీద కూర్చున్నాను. ముత్యాలు పొయ్యి మూత మీద కూర్చున్నట్టే, సగం బాసింపట్టు. కర్రని ఎడమకి వంచాను.

పూర్తిగా వంగింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి కర్ర ఎడమకి ఆఖరి దాకా వెళ్ళింది.

జెట్టు గాలికి ఎదురుగా నిలబడింది. నేను నవ్వాను, ఒక్కణ్ణే, గట్టిగా. ఆ నవ్వులోనే రెండో సంగతి తట్టింది. నా మోకాలు ఇప్పుడు పలకకి తగలడం లేదు. కాలు సొరంగంలోనే లేదు. వెనక కూర్చునేవాళ్ళు పెడల్స్ తొక్కనక్కర్లేదు కదా. వాళ్ళ కాళ్ళు సొరంగంలో ఎందుకుండాలి? ముత్యాలు పొడుగంతా కాళ్ళలోనే ఉంది. పొయ్యి మూత మీద పక్కపక్కన కూర్చుంటే ఆమె తల సన్యాసి తల కంటే కిందికే ఉండేది. నేను చూశాను. ఎన్నిసార్లో చూశాను.

మేమంతా నిలబెట్టి కొలిచాం. ఎగిరేది కూర్చుని.

రేడియో మీట నొక్కి అరిచాను. పలకదని తెలుసు, అయినా అరిచాను. “ఒలే ముత్యాలూ! సీట్లో పట్టేస్తావే! బాసిపట్టేసుకో, సాలు! ఏటీ కొయ్యక్కర్లేదు, ముందే పట్టీదానివి! ఇనబడతందా? బేగి బయటికి రా!”

దిగాను. దెబ్బ తగల్లేదు, రెక్క తగల్లేదు. జెట్టుని ఎడమ గాలిలో అంత చక్కగా దించడం నా జీవితంలో అదే మొదలు. గురువు చూస్తే మెచ్చుకునేవాడు.

పొయ్యి గది తలుపు తోస్తే మంచు పెళ్ళలు రాలాయి. ముత్యాలు పొయ్యి మూత మీద కూర్చుని ఉంది. బాసింపట్టు వేసుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తల కొంచెం ముందుకి వాల్చి. సూటులో దీపం ఆరిపోయింది. మూత మీద చెయ్యి వేశాను. సన్యాసి చెప్పిన ఆ కొంచెం వెచ్చదనం కూడా లేదు.

పిలిచాను. భుజం పట్టి కుదిపాను. మనిషి మొత్తం ఒక్కటిగా కదిలింది. కాళ్ళు విడదీయడానికి రాలేదు. విడదీయాలని నేను ప్రయత్నించలేదు కూడా.

ఈ నేలకి లాగే బలం లేదని చెప్పాను కదా. ఎత్తుకుంటే బరువు తెలియలేదు. పెళ్ళినాడు ఎత్తుకుంటానంటే “పొడుగుదాన్ని, నువ్వు మోయలేవు” అంది. మోశాను. రన్‌వే మీద నడుస్తుంటే ఎడమ గాలి తోస్తోంది.

వెనక సీటులో కూర్చోబెట్టాను. ఎలా ఉందో అలాగే పెట్టాను, ఏదీ మడవలేదు, ఏదీ వంచలేదు. మోకాళ్ళు రెండు పక్కలా సీటు అంచుల్లో ఒదిగాయి. తలకీ మూతకీ మధ్య నా అరచెయ్యి దూరింది. రెండోసారి కూడా పెట్టి చూశాను, దూరింది. మేము రంపాలు విరగ్గొట్టుకుని చేసిన చోటంతా ఆమె ముందు ఖాళీగా ఉంది.

మూత మొదటిసారికే పడింది.

తిరుగుదారిలో గాలి మామూలే. కొత్తరేవులో సింహాద్రప్ప స్టూలు మీంచి లేచి నిలబడి ఉన్నాడు. ఇంజను ఆపగానే తడుముకుంటూ వచ్చి వెనక సీటు మూత మీద చెయ్యి వేశాడు.

“పట్టిందేటిరా?” అన్నాడు.

“పట్టింది,” అన్నాను.

“ఎంత కొయ్యాల్సొచ్చింది?”

ఆయన వేళ్ళు గాజు మీద నెమ్మదిగా కదిలి, గాజు లోపల ఎవరూ కదలడం లేదని తెలుసుకుని ఆగిపోయాయి.

మిగతా సంగతులు: నా తరవాత ఎగిరేవాడికి. వెనక కూర్చునే మనిషి కాళ్ళు సొరంగంలో పెట్టించకు. బాసింపట్టు వేయించు. ఎక్కి చూస్తానంటే, గాలి తిరిగినా సరే, ఎక్కి చూడనియ్యి.